సయ్యద్ అబ్దుల్ రహీము

సయ్యద్ అబ్దుల్ రహీము 1909వ సంవత్సరమున హైదరాబాదు నగరమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, నగరములోని పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. పిదప వ్యాయామవిద్య నభ్యసించి, 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు ఫుట్‌బాలు శిక్షకుడాయెను. ఆ జట్టు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్సు కప్పును గెలుచుకొనెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలయందు స్వర్ణము పొందెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాల్గవ స్థానమున నిలిచెను.

ఆయన బోధన చిత్రమైనది. కుడికాలి వాటమున్నవారిచేత ఎడమకాలితోనే ఆడించి పోటీలు నడిపెను. అలవాటు లేని కాలు అలవాటగువరకు విడుచువాడు కాడు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల తుదిపోటీ జరుగవలసియుండెను. ఎదుటి జట్టు దక్షిణ కొరియా. మొదటి ఆటలోనే మనవారు దానిచేత 2-0తో ఓడియుండిరి. ఇజ్రాయేలు, తైవాను జట్లను రానీయనందుకు భారత క్రీడాధికారి యొకరు విమర్శింపగా, స్థానిక ప్రేక్షకులు మనవారిపై మండిపడుచుండిరి. జర్నైల్ సింగు తలకు ఆరు కుట్లు. గోలుకీపరు తంగరాజు జ్వరపడి లేచినవాడు. ముందునాటి రాత్రి పలువురు ఆటగాండ్రకు కన్ను మూతపడలేదు.

అది పిరికితనము కాదు. కఠినశ్రమ రానున్నదని మెదడు తలచినంతనే, మూత్రపిండములపైనున్న అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ పోవును. నాడులద్వారా వచ్చిన ఆజ్ఞకు క్షణములలో అడ్రినలిను వెలువడును. పిట్యూటరీ గ్రంథి ప్రేరణచే కొన్ని నిమిషములకు కార్టిసాలు పెరుగును. గుండె వేగము హెచ్చును. కాలేయము తనలో దాచిన చక్కెరను నెత్తురులోనికి విడుచును. అప్పటికి కాలొక యడుగైనను కదిలియుండదు! నేడు గచ్చిబౌలి క్రీడాప్రాంగణమున పరుగుపందెమునకు నిలిచిన బాలబాలికలకును జరుగునది ఇదియే. ఆట ముంగిట ఈ సన్నాహము మేలే. రాత్రియే మొదలై నిద్రను హరించినచో మాత్రము కీడు.

రహీము ఆటగాండ్రను చేరదీసి, మరునాడు తనకొక కానుక కావలెనని కోరెను. ఆ కానుక స్వర్ణపతకము. గాయపడిన జర్నైలును రక్షణపంక్తినుండి ముందుపంక్తికి మార్చి ఆడించెను. ఓటమి తలపునకు బదులు చేయవలసిన పని వారి మనస్సులలో నిలిచినది కాబోలు.

సుమారు లక్షమంది కేకల నడుమ 17వ నిమిషమున పి.కె. బెనర్జీ, 20వ నిమిషమున జర్నైలు గోలు చేసిరి. భారతజట్టు 2-1తో గెలిచెను.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీము ఊపిరితిత్తుల క్యాన్సరుచే మరణించెను. జకార్తాలో ఆ కానుక కోరునాటికే ఆయన వ్యాధిగ్రస్తుడు.