యంత్రశిల్పి అల్-జజరీ

మన ఇళ్ళలో చదువు వేరు, చేతిపని వేరు. ఈ రెంటికీ పొత్తు కుదరదని చాలామంది అభిప్రాయం. పాత రేడియో విప్పుకుని కూర్చున్న పిల్లవాణ్ణి చదువు పాడుచేసుకుంటున్నావని కసురుకుంటాం. సెల్‌ఫోనుకు సొంతంగా ఒక ఆప్ తయారుచేయాలని కుస్తీపడే అమ్మాయికీ అవే చీవాట్లు. అటువంటి మనం తప్పక తెలుసుకోవలసిన మహనీయుడు అల్-జజరీ.

ఆయన పూర్తి పేరు బదీ ఉజ్ జమాన్ అబుల్ ఇజ్ ఇస్మాయిల్ ఇబ్న్ రజ్జాజ్ అల్-జజరీ. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల ఎగువన ఉన్న జజీరా ప్రాంతం వారు గనుక జజరీ అయ్యారు. నేడు టర్కీలో ఉన్న దియార్‌బకిర్ పట్టణంలో, 12వ శతాబ్ది చివరి భాగంలో, అర్తుకిద్ వంశపు రాజుల కొలువులో పాతికేళ్ళు పనిచేశారు.

రాజుగారికి వజూ చేసేటప్పుడు నౌకర్లు చేతులమీద నీళ్ళు పోయడం ఇష్టం లేదట. ఏదైనా ఉపాయం చెప్పమన్నారు. జజరీ ఒక మనిషి బొమ్మ తయారుచేశారు. అది చేతిలోని కూజాతో తగినన్ని నీళ్ళు పోసి, ఆ తరువాత తువ్వాలు అందిస్తుంది. లోపల దయ్యమూ లేదు, మంత్రమూ లేదు. నీటి బరువు, తేలే బెండు, గొట్టాలు, అంతే!

ఆయన ఏనుగు గడియారం మరీ చిత్రమైనది. ఏనుగు కడుపులో నీళ్ళ తొట్టి, అందులో అడుగున సన్నని చిల్లి ఉన్న గిన్నె. అరగంటకు గిన్నె నిండి మునుగుతుంది. వెంటనే పైనుంచి ఒక గుండు జారి సర్పం నోట్లో పడుతుంది. ఆ బరువుకు సర్పం వంగి, మునిగిన గిన్నెను పైకి లాగుతుంది. మావటి ఏనుగును కొడతాడు, తాళం మోగుతుంది, మళ్ళీ మొదలు. ఈ చిల్లిగిన్నె మనకు కొత్తది కాదు. మన దేశంలో కాలం కొలిచిన ఘటికా యంత్రం ఇదే. గడియ, గడియారం అనే మాటలు దాని నుంచి వచ్చినవే.

పడవలో వాయించే నలుగురు వాద్యకారుల బొమ్మలు కూడా చేశారు. తిరిగే ఇరుసుకు మేకులు దిగగొట్టి ఉంటాయి. ఏ మేకు ఎక్కడుందో దాన్నిబట్టి దరువు. ముందుగా రాసిపెట్టిన వరుస ప్రకారం యంత్రం నడవడమంటే ఇదే కదా! నేటి కంప్యూటర్ ప్రోగ్రాముకు దీన్ని దూరపు తాతగా పండితులు చెబుతున్నారు. వేడుక వస్తువులతోనే ఆయన సరిపెట్టలేదు. నీళ్ళు తోడేందుకు రెండు సిలిండర్ల పంపు కూడా కట్టారు.

అయితే ఇంత పనితనం చేతిలోనే ఉండిపోతే ఏమయ్యేది? చేసినవాడితోపాటే మట్టిలో కలిసేది. ఆ సంగతి గ్రహించిన రాజు నాసిరుద్దీన్ మహమూద్, ఇవన్నీ గ్రంథస్థం చేయమని ఆజ్ఞాపించారు. 1206లో గ్రంథం పూర్తయింది. అందులో 50 యంత్రాలున్నాయి. ప్రతిదానికీ బొమ్మ గీసి, భాగాలకు అక్షరాలు వేసి, ఎలా పోత పోయాలో, చెక్క వంకరపోకుండా ఎలా అతకాలో విప్పిచెప్పారు. కాగితంతో నమూనా చేసుకోవడం, చిల్లి కొలత సరిపోయేదాకా సరిచేయడం ఆయన పద్ధతి. చేసి చూడనిదే ఏ సిద్ధాంతాన్నీ నమ్మేవారు కాదు. 9వ శతాబ్దిలో బాగ్దాదులో పనిచేసిన బనూ మూసా సోదరులవంటి పూర్వుల పనిని పేరుపెట్టి చెప్పారు. వారికంటే తాను బాగుచేసినదేమిటో కూడా దాచలేదు.

ఈ గ్రంథాన్ని డొనాల్డ్ హిల్ 1974లో ఇంగ్లీషులోకి అనువదించారు. 1976లో లండనులో, అందులోని వివరాలనుబట్టి కోట గడియారాన్ని మళ్ళీ కట్టారు. 770 ఏళ్ళ తరువాత అది నడిచింది!

మనలో మోటారు బాగుచేసేవారు, గడియారాలు, ఫోన్లు రిపేరు చేసేవారు, జరీ పనివారు ఎందరో ఉన్నారు. వారి ఒడుపు ఎక్కడా రాసి లేదు. వారి పక్కన ఒక పిల్లవాణ్ణో, పిల్లనో నోటుబుక్కు ఇచ్చి కూర్చోబెడదాం. విప్పనిద్దాం, బిగించనిద్దాం, బొమ్మ గీసి రాయనిద్దాం. జజరీ చేసింది అదే.