పరీక్షలొద్దన్న నర్సమ్మ

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా మహనీయుల జీవితం రాసి పంపమని కమిటీ వారు ఫోను చేసినప్పుడు నాకు రెండో పేరు తట్టలేదు. ఆంధ్రకేసరి గురించి, కాటన్ దొర గురించి రాసేవాళ్లు మన బ్యాచుల్లో చాలామంది ఉంటారు. నేను ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రుల్లో నర్సుగా బతికినదాన్ని. అందుకని ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి రాస్తున్నాను. దీపం పట్టుకుని సైనికుల మధ్య తిరిగిన అమ్మ అని చిన్నప్పుడు అందరం విన్నాం. ఆ దీపం దగ్గరే ఆగిపోయాం కూడా.

ఆమె మళ్లీ నా మనసులోకి రావడానికి మా మనవరాలు కారణం. మా పెద్దమ్మాయి కూతురు అమెరికాలో ప్రాక్టికల్ నర్సు కోర్సు చదివింది. మన ఏఎన్ఎం చదువుకు కాస్త దగ్గరగా ఉంటుంది. కోర్సు అయ్యాక లైసెన్సు పరీక్ష రాయాలి. ఎన్‌క్లెక్స్-పీఎన్ అంటారు దాన్ని. కంప్యూటరు ముందు కూర్చుని ఐదు గంటల్లో ముగించాలి. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువంటే 150. మనమిచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్నను కంప్యూటరే ఎంచుకుంటుంది. మాకు తెల్లవారేసరికి వాళ్లకు రాత్రి. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలో కూర్చుంటే, అది ఫోనులో ప్రశ్నలు చదువుతుంది, ఇద్దరం కలిసి పాఠం తిరగేస్తాం.

పక్షవాతం వచ్చిన మనిషికి చొక్కా తొడిగితే ఏ చెయ్యి ముందు? పడిపోయిన చెయ్యి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. చేతికర్ర ఏ పక్క? బలమున్న పక్క. మూత్రం సంచి ఎక్కడ వేలాడాలి? మూత్రాశయం కంటే కిందుగా, నేలకు తగలకుండా. కన్ను ఎటు నుంచి ఎటు తుడవాలి? ముక్కు వైపు నుంచి బయటికి. అన్నం తిన్నాక రోగిని వెంటనే పడుకోబెట్టొచ్చా? కూడదు, కనీసం అరగంట కూర్చోబెట్టాలి. తనంతట తాను కదల్లేని మనిషిని ఎన్ని గంటలకోసారి ఒత్తిగించాలి? రెండు.

వారం రోజులయ్యాక పిల్లకు విసుగొచ్చింది. ఇవన్నీ ఏ ఇంట్లో ముసలమ్మకైనా తెలిసిన సంగతులేనని, వీటికి ఒక కోర్సు, ఒక పరీక్ష, ఒక లైసెన్సు ఎందుకని అడిగింది. మందుల మోతాదులు చదువుకుంటే నాలుగు మార్కులు వస్తాయని దాని లెక్క. అప్పుడు మొదలుపెట్టాను నైటింగేల్ కథ. రోజుకు కాస్త చొప్పున చెప్పాను. ఇక్కడ రాస్తున్నది చాలావరకు అదే.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో పుట్టింది కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. బాగా ఉన్న ఇంగ్లీషు కుటుంబం. తండ్రి దగ్గరుండి చదువు చెప్పాడు. గ్రీకు, లాటిన్ వచ్చినా ఆమె ప్రాణమంతా లెక్కల మీదే. పదహారేళ్లు నిండి పదిహేడు నడుస్తుండగా, దేవుడు తనను సేవకు పిలిచాడని నమ్మింది. ఆ సేవ రోగుల దగ్గరే అని తేల్చుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. తేల్చుకున్నాక ఇంట్లో యుద్ధమే. ఆ రోజుల్లో ఆసుపత్రి నర్సు అంటే తాగుతుందని, నడవడి మంచిది కాదని పేరు. గొప్పింటి పిల్ల ఆ పని చేస్తానంటే తల్లీ అక్కా ఒప్పుకోలేదు. 1972లో నేను గుంటూరు వెళ్లి నర్సింగు చేరతానన్నప్పుడు మా ఇంట్లో జరిగిన గొడవ నాకు గుర్తుంది కనుక, ఈ భాగం చెబుతుంటే నా గొంతు కొంచెం మారి ఉంటుంది.

ఆమె పట్టు విడవలేదు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు పని నేర్చుకుంది. 1853లో లండన్‌లో ఆడవాళ్ల చిన్న ఆసుపత్రి ఒకటి ఆమె చేతికి వచ్చింది. అక్కడ ఆమె ముందుగా అడిగినవేమిటో చూడండి. ప్రతి అంతస్తుకూ వేడినీళ్ల గొట్టం, భోజనం పైకి పంపడానికి చిన్న లిఫ్టు, రోగి లాగితే ఎవరు పిలిచారో నర్సుకు తెలిసే గంటలు. నర్సు మెట్లెక్కి దిగడంలోనే అలిసిపోతే రోగిని చూసేదెప్పుడన్నది ఆమె ఆలోచన. పిలుపు గంట రోగి చేతికి అందేలా ఉందా అన్న ప్రశ్న మా మనవరాలి పుస్తకంలో ఇప్పటికీ ఉంది.

క్రిమియా యుద్ధం వచ్చింది. 1854 అక్టోబరులో 38 మంది నర్సులతో బయలుదేరి నవంబరు మొదట్లో స్కుటారి చేరింది. ఇప్పటి ఇస్తాంబుల్ నగరంలో భాగం అది. బ్యారక్కునే ఆసుపత్రిగా మార్చారు. డాక్టర్లు మొదట వీళ్లను వార్డులోకి అడుగు పెట్టనివ్వలేదు. ఆమె పోట్లాడలేదు. పిలుపు వచ్చేదాకా నర్సులను కూర్చోబెట్టి కట్లు కుట్టించింది. క్షతగాత్రులు వరదలా వచ్చి పడ్డాక వాళ్లే పిలిచారు. నేల తోమే బ్రష్షులు తెప్పించింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యల చేత బట్టలు ఉతికించింది. రాత్రి దీపం పట్టుకుని వరసల మధ్య నడిచిన మాటా నిజమే.

ఇక్కడ మన పాఠాలు చెప్పని సంగతి ఒకటుంది. ఆమె వచ్చాక చావులు వెంటనే తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో అక్కడ చికిత్సకు చేరిన ప్రతి 100 మందిలో 42 మంది పోయారు. ఆ భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. ఆ కుళ్లు మీదనే ఆసుపత్రి నడుస్తోంది. మార్చిలో ఇంగ్లండు నుంచి వచ్చిన పారిశుద్ధ్య కమిషను కాలువలు కడిగించి, నీళ్లు బాగు చేయించి, గాలి ఆడేలా చేసింది. జూను నాటికి 100కి ఇద్దరికి పడిపోయింది మరణాల లెక్క.

యుద్ధం ముగిసి 1856లో తిరిగి వచ్చాక ఆమె ఊరేగింపులు తప్పించుకుని ఇంటికి చేరింది. తర్వాత విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కలిసి ఆ మరణాల పట్టీలన్నీ ముందేసుకుని కూర్చుంది. గాయాలతో పోయినవారి కంటే, ఆపగలిగిన జబ్బులతో పోయినవారే ఎన్నో రెట్లని అంకెలు చెప్పాయి. పెద్దమనుషులకు అంకెలు బుర్రకెక్కవని ఆమెకు తెలుసు. అందుకని నెలకొక రేకు చొప్పున పువ్వులా ఒక బొమ్మ గీయించింది. ఆపగలిగిన జబ్బులు నీలం, గాయాలు ఎరుపు, మిగిలినవి నలుపు. నీలం రేకులు కాగితమంతా పరుచుకుంటాయి. ఎరుపు మధ్యలో చిన్న చుక్కలా మిగులుతుంది. గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమే. దీపం కంటే ఈ బొమ్మే గొప్పదని నేనంటాను. తాను దగ్గరుండి సేవ చేసిన ఆసుపత్రిలోనే అంతమంది ఎందుకు పోయారో లెక్కగట్టి లోకానికి చూపించడానికి గుండె ధైర్యం కావాలి.

1859 చివర్లో వచ్చిన నోట్స్ ఆన్ నర్సింగ్ ఆ లెక్కల్లోంచి పుట్టిన పుస్తకమే. నిజానికి అది నర్సుల కోసం రాసింది కాదు. ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునే ఆడవాళ్ల కోసం రాసింది. కాబట్టి మా మనవరాలు అన్న ముసలమ్మల మాట తప్పేం కాదు. గాలి, వెలుతురు, పక్కబట్టలు, తిండి, చప్పుడు, ఒళ్లు శుభ్రం, ఇవే అధ్యాయాలు. తలుపు బయట గుసగుసలాడితే రోగికి ఎంత హింసో రాసింది. రోగికి పడకపుండు పడితే చాలాసార్లు తప్పు జబ్బుది కాదు, చూసుకున్నవాళ్లదేనని తేల్చింది. మీరు దగ్గరున్నప్పుడు జరిగే పని, మీరు లేనప్పుడు కూడా జరిగేట్టు ఏర్పాటు చేశారా అన్నది ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా గుచ్చుకునే ప్రశ్న. ఆమె సర్వజ్ఞురాలేం కాదు. జబ్బులు చెడుగాలి వల్ల వస్తాయనే చాలాకాలం నమ్మింది. సూక్ష్మక్రిముల సంగతి ఒప్పుకోవడానికి ఆలస్యం చేసింది. అయినా చెయ్యమన్న పనులు మాత్రం సరైనవే.

క్రిమియాలో పట్టుకున్న జ్వరం ఆమెను వదల్లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు మంచం మీదా సోఫా మీదా గడిపింది. అక్కడి నుంచే రాతపని. మన దేశంలో ఒక్కసారీ కాలు పెట్టలేదు గాని, ఇక్కడి కంటోన్మెంటు ఊళ్లన్నిటికీ ప్రశ్నల పట్టీలు పంపించి జవాబులు తెప్పించుకుంది. ఇండియాలో ఉన్న తెల్ల సైనికుల్లో ఏటా 1000కి 69 మంది పోతున్నారని 1863 నాటి రాయల్ కమిషను నివేదిక చెప్పింది. పదేళ్లకు ఆ లెక్క 18కి దిగింది. సైనికులతో మొదలుపెట్టినా ఆమె చూపు రైతు దాకా వచ్చింది. 1876-78 కరువు మద్రాసు రాజధానిని ఊడ్చేసినప్పుడు బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మన కంభం అప్పుడు కర్నూలు జిల్లాలోదే. కరువుకు మందు నీటిపారుదలే అని సర్ ఆర్థర్ కాటన్ వాదిస్తుంటే, ఆమె ఆయన పక్షాన నిలబడి, పత్రికలకు రాసి, మంత్రులను వేధించింది. మన చెరువు కట్ట మీద నిలబడి వరదరాజమ్మ కథ, కాటన్ దొర కథ చెప్పిన మాస్టారికి ఈ సంగతి తెలిసుంటే ఎంత సంబరపడేవారో. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డం వేసిన ఆ కట్ట చూసి ఉంటే, రోగం వచ్చాక మందివ్వడం కంటే ముందు చెయ్యాల్సిన పని ఇదేనని ఆమె అనుకునేదేమో.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు ముక్క. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరున నర్సుల బడి మొదలైంది. ఏడాది శిక్షణ. వార్డ్రోపర్ అనే మేట్రను ప్రతి పిల్ల మీదా నెలనెలా ఒక పట్టీ నింపేది. కట్లు కట్టడం, పక్క వెయ్యడం, రోగిని గమనించడం ఒకవైపు, వేళకు రావడం, నెమ్మది, నమ్మకం ఇంకోవైపు. 1887లో ఇంగ్లండు నర్సులు సంఘం పెట్టుకుని, డాక్టర్లకు ఉన్నట్టే తమకూ పరీక్ష, రిజిస్టరు కావాలని కోరారు. మనమైతే ఆమే ముందుండి నడిపిందనుకుంటాం. ఆమె ఎదురు తిరిగింది. పరీక్ష కాగితం మీద జ్ఞానం తెలుస్తుంది, రాత్రి రెండింటికి ఎవరూ చూడనప్పుడు ఆ నర్సు ఏం చేస్తుందో తెలియదని ఆమె వాదన సారాంశం. ఒకసారి పేరెక్కితే జన్మంతా మంచి నర్సుగానే ఉంటుందన్న హామీ లేదని కూడా. చివరిదాకా ఆ మాట మీదే ఉంది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, అది అందుకున్న మొదటి స్త్రీ ఆమే. అప్పటికే చూపు పోయింది. 1910 ఆగస్టు 13న కన్ను మూసింది. గొప్పవాళ్లను ఖననం చేసే వెస్ట్‌మినిస్టర్ అబ్బే వద్దని, ఇంటివాళ్లు పల్లె చర్చిలో సొంతవాళ్ల పక్కన పూడ్చారు. అక్కడి రిజిస్టరు చట్టం 1919లో వచ్చింది. మద్రాసు రాజధానిలో 1926లో, దేశమంతటికీ నర్సింగు కౌన్సిలు చట్టం 1947లో వచ్చాయి.

ఇక్కడికి వచ్చేసరికి మా మనవరాలు అడిగింది, ఇంతకూ ఆమె మాట రైటా తప్పా అని. లైసెన్సు లేనివాళ్ల చేతిలో సూదులు పడి ఊళ్లల్లో ఏం జరుగుతుందో కళ్లారా చూశాను. పరీక్ష ఉండాల్సిందే, ఆమె వాదన ఓడిపోవడమే మంచిదైందన్నాను. కాని ఆమె ఎందుకలా అందో నాకు తెలుసన్నాను. ఆ తెలియడం వెనక ఉన్నది యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

నా శిక్షణ రెండో ఏడు. రాత్రి డ్యూటీ. తుంటి విరిగిన పెద్దావిడ ఒకావిడ నా వైపు వరసలో ఉండేది. రెండు గంటలకోసారి ఒత్తిగించాలి. పరీక్షలు వారంలో ఉన్నాయి. బల్ల దగ్గర లైటు కింద పుస్తకం పెట్టుకుని చదువుతున్నాను. ఆవిడ నిద్రపోతోంది కదా, లేపడం ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చార్టులో మాత్రం 12, 2, 4 అని మూడుసార్లు తిప్పినట్టు రాసి సంతకం పెట్టాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆ వారం చివర పక్కబట్ట మారుస్తుంటే నడుము కింద ఎముక మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనబడింది, నొక్కితే తెల్లబడలేదు. ఆ తర్వాత పుండు అయింది. ఆ ఏడు పరీక్షలో పడకపుండ్లు రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు రాయమని ప్రశ్న వచ్చింది. అన్నీ రాశాను. ఆ పేపరులో మా బ్యాచిలో నాకే ఎక్కువ మార్కులు.

ఫోనులో చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆ పెద్దావిడ ఏమైందని అడిగింది. కొడుకు వచ్చి, ఇంటి దగ్గరే చూసుకుంటామని సంతకం పెట్టి తీసుకుపోయాడని చెప్పాను. వెళ్లేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, రాత్రుళ్లు మెలకువగా ఉండి చదువుకునేదానివి, బాగా పాసవుతావులే అని దీవించింది.

పిల్ల ఇంకేమీ అనలేదు. పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పిన చప్పుడు వినబడింది. చర్మ సంరక్షణ అధ్యాయం మొదటి ప్రశ్న చదవడం మొదలుపెట్టింది.