మాట కలవకుండానే...

మా తోడికోడలితో నాకు మాటల్లేక రెండేళ్లయింది. ఓ పెళ్లిలో మర్యాద దగ్గర వచ్చిన తేడా. బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్న మా అబ్బాయి మొన్న ద్రాజెన్ పెట్రోవిచ్ కథ చెప్పాక మనసు మనసులో లేదు.

అతను 1964లో అప్పటి యుగోస్లావియాలో, క్రొయేషియా తీరాన షిబెనిక్ అనే ఊళ్లో పుట్టాడు. అన్నను చూసి బంతి పట్టాడు. తెల్లారకుండానే లేచి, బడికి వెళ్లేలోపు వందల కొద్దీ షాట్లు వేసేవాడట. ఆ సాధన ఊరికే పోలేదు. 1985లో ఒక్క మ్యాచ్‌లోనే 112 పాయింట్లు చేశాడు. 1989లో అమెరికా వెళ్తే పోర్ట్‌లాండ్ జట్టు ఎక్కువగా బెంచీ మీదే కూర్చోబెట్టింది. 1991లో న్యూజెర్సీ నెట్స్‌కి మారాక విజృంభించాడు. దాదాపు 24 అడుగుల దూరాన్నించి వేసే మూడు పాయింట్ల షాట్లు నూటికి 44 దాకా పడేవి.

సెర్బియాకి చెందిన వ్లాదె దివాచ్ అతనికి ప్రాణస్నేహితుడు. 1990లో ఇద్దరూ కలిసి ప్రపంచ విజేతలైన రోజున, ఎవరో క్రొయేషియా జెండాతో కోర్టులోకి వస్తే దివాచ్ లాగేసుకున్నాడు. తర్వాత దేశం ముక్కలై యుద్ధమొచ్చింది. పెట్రోవిచ్ మాట్లాడ్డం మానేశాడు.

1993 జూన్ 7న జర్మనీలో కారు ప్రమాదం. 28 ఏళ్లకే వెళ్లిపోయాడు. మాట కలవనేలేదు.

పదిహేడేళ్ల తర్వాత దివాచ్ జాగ్రెబ్ వెళ్లి, తల్లి బిసెర్కాను కలిశాడు. స్నేహితుడి సమాధి దగ్గర నిలబడ్డాడు. కానీ వినేవాడేడీ?

ఈ ఆదివారం మా తోడికోడలింటికి వెళ్తున్నాను. అరిసెలు చేశాను. ఆవిడకిష్టం.