24 రోజుల విచారణ: ఫిరోజ్ గాంధీ

ఆదివారం మన సంఘం గదిలో పేపరు తెరవగానే వాదన మొదలవుతుంది. ఫలానా నాయకుడి మీద కేసు మనం సర్వీసులో ఉండగా పెట్టారు, మనం రిటైరయ్యాం, అది మాత్రం ఇంకా వాయిదాల్లోనే ఉందని ఒకరంటారు. గుమాస్తా లెక్కలో పది రూపాయలు తేడా వస్తే వారం తిరక్కుండా మెమో చేతికొచ్చేది కదా అని ఇంకొకరు. దాణా కుంభకోణం 1996లో బయటపడితే బీహారు మాజీ ముఖ్యమంత్రికి మొదటి శిక్ష 2013లో పడింది. తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి ఆస్తుల కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2017 ఫిబ్రవరిలో వచ్చేసరికి ఆమె కన్నుమూసి రెండు నెలలు దాటింది. ప్రజాప్రతినిధుల మీద అభియోగాలు ఖరారైన ఏడాదిలో విచారణ ముగించాలని అదే కోర్టు 2014లో చెప్పింది. ఎంతవరకు జరుగుతోందో పేపరు చదివే మనకు తెలియనిది కాదు.

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, ఆ వాదనల్లో నేను తరచు తలచుకునే ఫిరోజ్ గాంధీ గారి గురించే రాయాలనిపించింది. బీమా ఉద్యోగులం మనం ఆయనకు ఒక విధంగా రుణపడి ఉన్నాం.

ఆయన 1912 సెప్టెంబరు 12న బొంబాయిలో పార్సీ కుటుంబంలో పుట్టారు. ఇంటిపేరును బట్టి మహాత్మునికి బంధువని ఇప్పటికీ కొందరు అనుకుంటారు, కాదు. అలహాబాదులో వైద్యురాలైన తల్లి సోదరి దగ్గర పెరిగారు. 1930లో చదువు వదిలి ఉద్యమంలో దిగి, లాల్ బహదూర్ శాస్త్రి గారితో పాటు ఫైజాబాద్ జైల్లో ఉన్నారు. 1942 మార్చిలో నెహ్రూ గారి కుమార్తె ఇందిరను వివాహమాడారు. ఆ ఏడే క్విట్ ఇండియాలో దంపతులిద్దరూ జైలుకు వెళ్ళారు. తరువాత నేషనల్ హెరాల్డ్ పత్రిక నిర్వహణ చూశారు. 1952లోను, 1957లోను రాయబరేలీ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

సభలో చాలాకాలం ఆయన నోరు విప్పలేదు. ప్రధాని అల్లుడిగానే అందరూ చూశారు. 1955 డిసెంబరులో లేచి, దాల్మియా చేతిలోని భారత్ ఇన్సూరెన్స్ కంపెనీలో పాలసీదారుల డబ్బు ఎలా దారి మళ్ళిందో లెక్కలతో సహా చెప్పారు. నెలన్నర లోపే, 1956 జనవరి 19న, జీవిత బీమా వ్యాపారాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకునే ఆర్డినెన్సు వచ్చింది. ఆ సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. పుట్టింది. మన బందరులో పట్టాభి సీతారామయ్య గారు 1925లో స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కూడా అందులో కలిసింది. మా నాన్నగారి పాలసీ ఆ కంపెనీదే. పాత బాండు నా పెట్టెలో ఇప్పటికీ ఉంది.

అంతటితో ఆయన ఊరుకోలేదు. పార్లమెంటులో జరిగింది ఉన్నదున్నట్టు అచ్చువేసిన పత్రికల మీద కేసులు పడకుండా ఒక ప్రైవేటు బిల్లు తెచ్చారు. అది 1956లో చట్టమైంది.

ఇక ముంద్రా వ్యవహారం. 1957 జూన్‌లో ఎల్.ఐ.సి. తన పెట్టుబడుల కమిటీని సంప్రదించకుండానే, కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన 6 కంపెనీల షేర్లను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొన్నది. ఆనాటి కోటి! ఆ డిసెంబరు 16న ఫిరోజ్ గారు సొంత పార్టీ ప్రభుత్వాన్నే సభలో నిలదీశారు. ఎదురుగా ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి, పక్కన మామగారు. ఆ రాత్రి ఇంట్లో ఆయన పరిస్థితి ఏమిటా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా గారితో ఏకసభ్య కమిషన్ వేశారు. ఆయన విచారణను బహిరంగంగా జరిపారు. జనం పట్టక బయట లౌడ్‌స్పీకర్లు పెట్టవలసి వచ్చింది. మంత్రి, కార్యదర్శి, గవర్నరు స్థాయి వారు సామాన్యుడు వింటుండగా జవాబు చెప్పుకున్నారు. 24 రోజుల్లో పని ముగిసింది. కార్యదర్శి చేసిన పనికి మంత్రే బాధ్యుడని నివేదిక తేల్చింది. 1958 ఫిబ్రవరిలోనే మంత్రి రాజీనామా చేశారు. ముంద్రా జైలు పాలయ్యాడు.

అయితే దీన్ని చెప్పినప్పుడల్లా మన ట్రెజరరు గారు నన్ను ఆపుతారు. ఆ మంత్రి 1962లో తిరిగి కేబినెట్‌లోకి వచ్చారు కదా, 1963లో మళ్ళీ ఆర్థికశాఖే ఇచ్చారు కదా అని. నిజమే. ఏ కోర్టూ ఆయనను బోనెక్కించలేదు. నిజం త్వరగా తేలడం వేరు, శిక్ష వేరు అని ఒప్పుకోక తప్పదు. కానీ 24 రోజుల్లో నిజమైనా తెలిసింది కదా అనేది నా వాదన.

ఆ పునరాగమనం చూడడానికి ఫిరోజ్ గారు లేరు. 1960 సెప్టెంబరు 8న ఢిల్లీ వెల్లింగ్డన్ ఆసుపత్రిలో గుండెపోటుతో పోయారు. ఇంకో 4 రోజులుంటే 48 నిండేవి. ఆయన తెచ్చిన పత్రికల చట్టాన్ని ఎమర్జెన్సీలో, 1976లో, ఆయన భార్య ప్రభుత్వమే రద్దు చేసింది. 1977లో జనతా ప్రభుత్వం మళ్ళీ తెచ్చింది.

ట్రెజరరు గారితో నా వాదన మాత్రం తేలలేదు. వచ్చే ఆదివారం ఆయన మళ్ళీ 1963 ఎత్తుతారు, నేను మళ్ళీ లౌడ్‌స్పీకర్ల సంగతి చెబుతాను.