అరచేతిలో పాఠం చెప్పిన టీచరు

చూపూ వినికిడీ రెండూ లేకుండా బి.ఎ. పాసైన హెలెన్ కెల్లర్ పేరు మనందరికీ తెలుసు. ఆమెకు చదువు చెప్పినావిడ పేరేమిటని మొన్న క్యాంటీన్‌లో నలుగురిని అడిగితే ముగ్గురు బుర్ర గోక్కున్నారు. ఒకామె మాత్రం అమితాబ్ బచ్చన్ అంది! హెలెన్ కథను ఆధారం చేసుకుని తీసిన 'బ్లాక్' సినిమాలో టీచరు వేషం ఆయనదే మరి. అసలు కథలో ఆ టీచరు ఇరవై ఏళ్ళ ఆడపిల్ల. అంటే నాకంటే ఒక్క ఏడాదే పెద్ద. పేరు యానీ సల్లివాన్.

యానీ 1866లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఐర్లండ్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన బీద ఇంట్లో పుట్టింది. ఐదేళ్ళప్పుడు ట్రకోమా అనే కంటిజబ్బు వచ్చి చూపు చాలావరకు పోయింది. ఎనిమిదేళ్ళకు తల్లి చనిపోయింది. తాగుబోతు తండ్రి పిల్లల్ని వదిలేశాడు. 1876లో యానీని, తమ్ముడు జిమ్మీని టూక్స్‌బరీలో దిక్కులేనివాళ్ళను ఉంచే సర్కారు ఆశ్రమంలో పడేశారు. కొద్ది నెలల్లోనే జిమ్మీ కూడా పోయాడు.

1880లో అక్కడికి తనిఖీకి పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళలో పై అధికారి ఎవరో యానీకి కనపడదు. అయినా గుంపు వెంటపడి, నాకు బడికి వెళ్ళాలని ఉందని అరిచి చెప్పేసింది. నాకు ఆమె జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. అలా బోస్టన్‌లోని పర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. వయసు పద్నాలుగు, అక్షరం ముక్క రాదు. ఆపరేషన్లతో కొంత చూపు వచ్చింది. ఆరేళ్ళు తిరిగేసరికి క్లాసులో ఫస్టు! చూపూ వినికిడీ లేని లారా బ్రిడ్జ్‌మన్ అదే బడిలో ఉండేది. ఒక్కో అక్షరానికి వేళ్ళతో ఒక్కో గుర్తు పట్టి అవతలివాళ్ళ అరచేతిలో పెట్టడం యానీ ఆమె దగ్గరే నేర్చుకుంది.

1887 మార్చి 3న ఉద్యోగం కోసం అలబామాలోని టస్కంబియాలో దిగింది. హెలెన్‌కు అప్పటికి ఏడేళ్ళు నిండలేదు. అందరి కంచాల్లో చెయ్యి పెట్టి తినేది, అడ్డొస్తే కొట్టేది. ఒకరోజు టీచరును గదిలో పెట్టి తాళం వేసి తాళంచెవి దాచేసింది. తండ్రి నిచ్చెన వేసి కిటికీలోంచి దించాల్సి వచ్చింది! జాలితో ఇంటివాళ్ళు ఏమీ అనరని యానీకి అర్థమైంది. అందుకే పిల్లను తీసుకుని తోటలోని చిన్న ఇంటికి మారింది. నీళ్ళ పంపు దగ్గర 'నీళ్ళు' అనే మాట తెలిసిన కథ అందరూ చెప్పేదే. అది ఏప్రిల్ 5న జరిగింది.

ఆ తర్వాతి సంగతే అసలైనది. హెలెన్ బంధువుల ఇంట్లో పదిహేను నెలల పాప ఉండేది. ఎవరూ పాఠం పెట్టకపోయినా ఆ పాప మాటలు పట్టేయడం యానీ గమనించింది. దాంతో మాటలు వరసగా బట్టీ పట్టించడం మానేసి, హెలెన్ చేతిలో రోజంతా పూర్తి వాక్యాలతో కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న కన్నడం. నాకు ఏ భాషా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. యానీ పట్టుకున్న కిటుకు అదే కదా అనిపించింది.

1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరింది. బ్రెయిలీలో లేని పుస్తకాలే ఎక్కువ. క్లాసులో లెక్చరు, ఇంటికొచ్చాక పుస్తకం, అన్నీ యానీయే అరచేతిలో చెప్పాలి. అసలే అంతంతమాత్రం కళ్ళు, ఇంకా దెబ్బతిన్నాయి. మళ్ళీ చదవనా అని యానీ అడిగితే, మర్చిపోయినా సరే హెలెన్ అక్కర్లేదనేదట. 1904లో హెలెన్‌కు పట్టా వచ్చింది. పక్కనే కూర్చుని నాలుగేళ్ళ చదువూ చదివిన యానీకి ఏమీ రాలేదు. ఇది నాకు మింగుడుపడలేదు.

1905లో జాన్ మేసీని పెళ్ళాడింది, అది ఎక్కువకాలం నిలవలేదు. 1924 నుంచి ఇద్దరూ అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ కోసం ఊరూరా తిరిగి చూపులేనివాళ్ళ తరఫున సభల్లో మాట్లాడారు, చందాలు పోగుచేశారు. టెంపుల్ యూనివర్సిటీ గౌరవ డిగ్రీ ఇస్తామంటే యానీ ముందు వద్దంది. మరుసటి ఏడు, 1932లో తీసుకుంది. చివరికి ఉన్న చూపూ పోయింది.

1936 అక్టోబరు 20న యానీ చనిపోయింది. అప్పుడామె చెయ్యి హెలెన్ చేతిలోనే ఉంది.