సోదరత్వమును నిలబెట్టిన ప్రిన్స్ హాల్

ఒక సంఘమును స్థాపించునపుడు దాని ఆశయములను వ్రాసికొనుట సులభము. వానిని నిత్యాచరణమున నిలుపుట కష్టము. ద్వారముపై సమత్వమని వ్రాసి, లోనికి రాగోరువాని పుట్టుకను ప్రశ్నించు సంఘములు లోకమున పెక్కు గలవు. అట్టి యొక సంఘమునకు దాని మాటను దానికే గుర్తుచేసి, తన నడవడిచే ఆ మాటను సార్థకము గావించిన ధన్యుడు ప్రిన్స్ హాల్. ఈతడు అమెరికాలోని బోస్టను నగరమున నివసించిన నల్లజాతివాడు. ప్రిన్స్ అనునది ఈతని పేరే గాని రాచబిరుదము గాదు. ఈతని తొలిజీవితము దాస్యముననే గడచినది.

ఫ్రీమేసన్ సోదరసంఘము రాతిపనివారి సంప్రదాయమును తనదిగా చెప్పుకొనును. మూలమట్టము మొదలగు పనిముట్లు వారికి సత్ప్రవర్తనకు చిహ్నములు. 1723లో లండనున ప్రకటింపబడిన వారి నియమావళి, మతభేదములను ప్రక్కకు నెట్టి, సజ్జనుల నెల్లరను ఒక్క స్నేహబంధమున చేర్చుటయే సంఘలక్ష్యమని బోధించినది. అయినను అదే నియమావళి, సభ్యుడు కాగోరువాడు జన్మతః స్వతంత్రుడై యుండవలెననియు విధించినది. బానిసత్వము చట్టసమ్మతమైన దేశమున ఆ యొక్క మాట నల్లవారికి తలుపు మూయుటకు చాలియుండెను.

ప్రిన్స్ హాల్ బోస్టనులో విలియం హాల్ అను తోళ్లపనివాని యింట బానిసగా నుండి, 1770లో విముక్తి నొందెను. పిమ్మట ఆ తోళ్లపనినే జీవనోపాధిగా జేసికొని గౌరవముగా బ్రతికెను. స్వాతంత్ర్య యుద్ధకాలమున, 1777లో, బోస్టను ఫిరంగిదళమువారి భేరులకు తోళ్లు సమకూర్చినది ఈతడే.

1775 మార్చి 6వ తేదీన, బోస్టనులో విడిసియున్న బ్రిటిషు పటాలమునకు చెందిన ఐరిషు లాడ్జి యొకటి హాలును, మరి పదునలుగురు నల్లవారిని సభ్యులుగా స్వీకరించెనని ఆ సంఘ సంప్రదాయము చెప్పుచున్నది. పటాలము తరలిపోయిన పిదప వీరికి మిగిలిన అధికారము మిక్కిలి స్వల్పము. సమావేశము కావచ్చును, పండుగనాడు ఊరేగవచ్చును, మృతులైన సోదరులను సంస్కరింపవచ్చును. క్రొత్తవారిని చేర్చుకొనుటకు మాత్రము వీలులేదు. స్థానికులైన తెల్లజాతి సభ్యులు వీరిని ఆదరింపలేదు. హాల్ నిందింపుచు కూర్చుండక 1784లో లండనునకే లేఖలు వ్రాసెను. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే అధికారపత్రము సిద్ధమైనను, అది బోస్టను చేరునప్పటికి 1787 ఏప్రిల్ వచ్చెను. అట్లు 459వ సంఖ్య గల ఆఫ్రికన్ లాడ్జి ఏర్పడెను. హాల్ దానికి అధ్యక్షుడాయెను.

పదవి లభించుటతో ఈతని ఆశయము తీరలేదు. సోదరత్వము సమావేశ మందిరమునకే పరిమితము కారాదని ఈతని నమ్మకము. 1777లోనే మరికొందరితో కలసి, బానిసత్వమును తొలగింపుమని మసాచుసెట్స్ శాసనసభకు విన్నపము సమర్పించెను. 1787లో, పన్నులు చెల్లించు నల్లవారి బిడ్డలకు పాఠశాల లేకుండుట అన్యాయమని మరల విన్నవించెను. ఆ కోరిక ఆనాడు నెరవేరలేదు.

1788 ఫిబ్రవరిలో నొక ఘోరము జరిగెను. స్వతంత్రులైన ముగ్గురు నల్లవారిని పని యిత్తుమని నమ్మించి ఓడనెక్కించి, కరీబియను దీవులలో అమ్ముటకు గొనిపోయిరి. హాల్ తన లాడ్జి సభ్యులతో కలసి వెంటనే శాసనసభ నాశ్రయించెను. క్వేకరు మతస్థులును, బోస్టను మతాచార్యులును తోడ్పడిరి. మార్చి నెలలోనే బానిస వ్యాపారమును నిషేధించు శాసనము వెలువడెను. గవర్నరు హాన్కాక్ ఆ దీవుల అధికారులకు లేఖలు వ్రాసెను. చరిత్రకారుడైన జెరెమీ బెల్క్‌నాప్ తెలిపినదాని ప్రకారము, ఆ ముగ్గురిలో నొకడు ఫ్రీమేసను; వారిని కొనుమని చూపబడిన వర్తకుడును ఆ సంఘమువాడే. అందువలన వారిని కొనుటకు మారుగా వారికి సాయమే లభించెను. జూలైలో ముగ్గురును ఇల్లు చేరిరి. కాగితముపై నున్న సోదరత్వము సముద్రముపై పనిచేసినదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలయును?

1797లో ఈతడు సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగమున, బోస్టను వీధులలో నల్లవారు దినదినము సహించుచున్న అవమానములను దాచక వర్ణించెను. కాని ద్వేషమును బోధింపలేదు. ఓర్పును, ధైర్యమును కోరెను. ఆ యేడే ఫిలడెల్ఫియాలోను, ప్రావిడెన్సులోను క్రొత్త లాడ్జీలు వెలసెను. 1798లో నల్లజాతి తల్లిదండ్రులే పూనుకొని, ప్రైమస్ హాల్ అనువాని గృహమున తమ బిడ్డలకు బడి నెలకొల్పుకొనిరి.

1807 డిసెంబరులో ప్రిన్స్ హాల్ కాలధర్మము నొందెను. అనంతరము సంఘము ఆయన పేరనే ప్రసిద్ధి కెక్కెను. 1813లో ఇంగ్లండువారు ఆ లాడ్జి పేరును తమ పట్టికనుండి తొలగించిరి; 1827లో అది స్వతంత్రత ప్రకటించుకొనెను. జన్మతః స్వతంత్రుడు అను నిబంధనను ఇంగ్లండు సంఘము 1847లో సడలించి, స్వతంత్రుడైన చాలునని మార్చెను. మసాచుసెట్సులోని ప్రిన్స్ హాల్ సంఘమును ఇంగ్లండువారు మరల గుర్తించినది 1994లో. నడుమ నూట ఎనుబది యేండ్లు గడచిపోయినవి!

పాఠకమహాశయులారా! ఆశయమును వ్రాసినవారు దానికి హద్దులు గీచిరి. ఆ హద్దు కావలి నుంచబడినవాడే దానిని సంపూర్ణముగా పాటించి చూపెను. మన మేర్పరచుకొను ఏ సంఘమునందైనను సభ్యుల సంఖ్యను, మందిర వైభవమును లెక్కించుటకు ముందు, ద్వారము వద్ద నిలిచిపోయినవా రెవరో విచారించుట మన కర్తవ్యము. ప్రిన్స్ హాల్ జీవితము నేర్పు పాఠ మిదియే.