సీటు అడిగితే గురుపీఠం ఇచ్చారు!

జూన్ వచ్చిందంటే మన పలాస, టెక్కలి వైపు ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట. పిల్లకి సీటొచ్చిందా, రాలేదా? ఇంజినీరింగు సీటైతే అందరూ గొప్పగా అడుగుతారు. సంగీతం సీటంటే మాత్రం జాలిగా చూస్తారు. మా వీధిలో ఓ అమ్మాయి అలాంటి సీటు కోసమే వయొలిన్ పెట్టె పట్టుకుని విజయనగరం రైలెక్కింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లమ్మ ఆ రోజు కూలి మానుకుని వెంట వెళ్లింది. పెద్దల ముందు వాయిస్తుంటే చేతులు వణుకుతాయేమోనని ముందురోజు రాత్రి పిల్లకి నిద్రే లేదు. అప్పుడు దానికి నేను చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడుగారి గురించి.

ఆయన 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పట్నుంచీ చూపు మందం. దాంతో బడి చదువు సాగలేదు. అలాంటి పిల్లాడుంటే ఇంట్లో ఎంత బెంగ ఉంటుందో తల్లులకి చెప్పనక్కర్లేదు కదా! అన్నగారు వెంకటకృష్ణయ్య ఫిడేలు నేర్పి తొలి గురువయ్యారు. ఇక తమ్ముడికి సాధనే లోకమైపోయింది.

1919లో మహారాజా విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. చూపులేని ఓ పిల్లవాడు సంగీతం నేర్చుకోవడానికే ఆ కళాశాల పుట్టిందని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారు నాయుడుగారు. చేతిలో ఫిడేలు తప్ప చూపించడానికి పెద్ద చదువేమీ లేదు. ఆయన వాయిస్తుంటే విన్న దాసుగారు, ఈ కుర్రాడు ఇక్కడ నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడని తేల్చేశారు. సీటు కోసం వెళ్లినాయన వయొలిన్ ఆచార్యుడై బయటికొచ్చారు!

ఇంకొకరైతే ఇక చాలనుకునేవారు. ఆయన సాధన మానలేదు. పాశ్చాత్యుల వయొలిన్ శ్రద్ధగా విని, కమాను నడిపే తీరులో మంచిని మన రాగాలకి అమర్చుకున్నారు. ఎప్పుడూ పాటకి పక్కవాద్యంగా ఉండే వయొలిన్‌తో 1938లో వేలూరులో సోలో కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. కూతురు మంగతాయారుకీ వయొలిన్ నేర్పి విద్వాంసురాలిని చేశారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకో సంగతి. 1936లో ఆయనే ఆ కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రోజుల్లో ఉంగరం అమ్ముకుని ఒక కుర్రాడు సంగీతం కోసం విజయనగరం వచ్చాడు. తీరా చూస్తే వేసవి సెలవులు, కళాశాల మూసేసి ఉంది. సెలవులయ్యాక రమ్మని నాయుడుగారు పంపేయలేదు. ఆవరణలోనే తలదాచుకోనిచ్చారు. ఆ కుర్రాడే మన ఘంటసాల! ఒకప్పుడు తనూ ఆ గుమ్మం ముందు నిలబడ్డానని ఆయన మరిచిపోలేదేమో.

1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. ఆ కళాశాల మాత్రం ఇప్పటికీ పాఠాలు చెబుతోంది.

మా వీధి పిల్ల వాయించి వచ్చింది. ఫలితం ఇంకా తెలీదు. చేతులు కాస్త వణికాయట. అయినా పొద్దున్నే వాళ్లింట్లోంచి వయొలిన్ వినిపిస్తూనే ఉంది. వాళ్లమ్మ ఆ స్వరాలు వింటూ క్యారేజీ కట్టుకుని పనికి బయల్దేరుతోంది.